రసము పోయిన అద్దములు

అద్దము మాసినప్పుడు తెలుగువారు “రసము పోయినది” అందురు. ఈ చిన్నమాటలో కొన్ని వందల యేండ్ల చరిత్ర ఇమిడియున్నది. ఒకప్పుడు అద్దము వెనుక పూసినది నిజముగా పాదరసమే. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి పనివారు దానిని దాదాపు మానివేసి వెండిని పూయసాగిరి. తరువాత అల్యూమినియము కూడ వచ్చినది. పూత మారినది గాని మాట మారలేదు. అందుచేత నేడొక పాత అద్దమును చూపి, “దీని రసము పోయినది, గీకించి మరల పూయింపవలెను” అనువాడు, గీకబోవునది పాదరసమో వెండియో బంగారమో ఎరుగకయే ఆ మాట అనుచుండవచ్చును. ముఖము చూచుకొను సాధారణపుటద్దమైనచో నష్టము స్వల్పమే. అది ప్రకటనల అద్దమైనచో మాత్రము దాని మీది పేరు, బొమ్మ, బంగారు అక్షరములు అన్నియు ఒక్క పూటలో మాయమగును, మరల రావు.

ప్రకటనల అద్దమనగా నేమో నేటి విద్యార్థులకు కొంత చెప్పవలసియున్నది. పాత దుకాణములలో, క్షౌరశాలలలో, కాఫీ హోటళ్లలో గోడకు వ్రేలాడిన అద్దములు కొన్నిటి మీద ఒక టీ కంపెనీ పేరో, సబ్బు పేరో, ఔషధము పేరో, దానిని కానుకగా ఇచ్చిన వర్తకుని చిరునామాయో ఉండెడిది. తల దువ్వుకొనుటకు అద్దము ముందు నిలిచినవాడు ఆ పేరు చదువక తప్పదు. కాగితపు ప్రకటన చినుగును. రేకు పలక త్రుప్పు పట్టును. అద్దమునైతే దుకాణదారుడే దినదినము తుడిచి భద్రపరచును. ప్రకటనకర్త డబ్బిచ్చినది ఒక్కసారి, కావలి కాచినది మాత్రము ఎదుటివాడు! ప్రకటనకు గల బలమును తెలుగువారిలో ముందుగా గ్రహించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో వారు ప్రారంభించిన అమృతాంజనము ఊరూరికి చేరుటలో మందు గుణమునకు ఎంత భాగము కలదో ప్రకటనకును అంత భాగము కలదు. ఆ ఆదాయమే పిమ్మట ఆంధ్రపత్రికను నిలిపినది.

ఈ అద్దముల పుట్టినిల్లు ఇంగ్లండు. అక్కడ గాజు మీది ఎక్సైజు పన్ను 1845లో రద్దయినది. పెద్ద పలకలు చౌకయినవి. గ్యాసు దీపముల మసక వెలుతురులో పానశాలల గోడలకు అద్దములు పెట్టినచో వెలుగు రెట్టింపగుట, గది పెద్దదిగా తోచుట, సారా కంపెనీ పేరు నలువైపుల మెరయుట — మూడు లాభములు ఒక్క ఖర్చులో కలిసివచ్చెను. అక్కడి సరకు ఇక్కడికి వచ్చినట్లే అక్కడి ప్రకటన పద్ధతియు వచ్చినది. ఏలూరు కాలువ కృష్ణా గోదావరులను కలుపుచు, బెజవాడకు ఆవల మరికొన్ని కాలువల ద్వారా మద్రాసు వరకు పడవదారి ఏర్పరచినది. గాజు వంటి పెళుసు సరకునకు బండిదారి కుదుపుల కంటె నీటిదారి మేలు. 1890లలో రైలుదారియు వచ్చినది. కనుక ఏలూరు పేటకే కాదు, దాని చెంతనున్న పెదపాడు, ఎగువనున్న తాడేపల్లిగూడెము, కొల్లేటి అంచు గ్రామములు మొదలగువానికి కూడ నగరపు సరకుతోపాటు నగరపు అద్దము చేరుటలో వింత లేదు.

పెదపాడులో ఒక పాత దుకాణమును పడగొట్టునప్పుడు అట్టి అద్దమొకటి బయటపడినదనుకొందము. చట్రమునకు చెదలు, అంచులకు నలుపు, నడుమ మసక. అయినను పేరు చదువ వీలగుచున్నది. దానిని పాతసామానుల వర్తకునికి అమ్మవచ్చును, కొత్త రసము పూయింపవచ్చును, బడిలో పెట్టవచ్చును. ఏది చేయుటకైనను ముందు తెలియవలసినది ఒక్కటే: ఆ గాజు వెనుక ఉన్న పదార్థములు ఏవి? దీనికి ప్రయోగశాల కంటె ముందు భూతద్దము, టార్చిలైటు, ఓపిక కావలెను. గోరు, నీరు, సబ్బు, కిరసనాయిలు అక్కరలేదు, అవి శత్రువులు.

ఈ పనితనము అర్థమైనగాని పరీక్ష అర్థము కాదు. గుడ్డ మీదనో గోడ మీదనో బొమ్మ వ్రాయువాడు మొదట నేపథ్యమును పూసి, పిమ్మట ఆకారమును, కట్టకడపట కంటిలోని మెరుపును పెట్టును. గాజు వెనుక వ్రాయువాడు కంటి మెరుపుతో మొదలుపెట్టవలెను. తరువాత కనుపాప, ఆ తరువాత ముఖము, నగలు, చీర, చివరకు నేపథ్యము. అతడు మొదట వేసిన గీతయే చూపరికి అన్నిటికంటె ముందు కనబడును. పొరపాటును దిద్దుటకు పైన మరొక రంగు పూసి లాభము లేదు. అది వెనుకకు పోవును గాని ముందునకు రాదు. అక్షరములు కూడ కుడియెడమలుగా వ్రాయవలెను. ఇంగ్లీషులో ఏ, హెచ్, ఎమ్, ఓ, టీ వంటి పెద్దక్షరములు త్రిప్పినను అట్లే ఉండును. తెలుగు చిత్రకారునికి ఆ సదుపాయము సున్నతోనే సరి. తలకట్టు, దీర్ఘము, గుడి, వత్తు — ప్రతిదియు తలపులో ఒకసారి, చేతిలో ఒకసారి తారుమారు కావలెను. ముందుగా కాగితము మీద వ్రాసి, ఆ కాగితమును బోర్లించి గాజు క్రింద పెట్టుకొని చూచి దిద్దుట ఒక ఉపాయము.

ఈ విద్య మన దేశమునకు ప్రకటనలతోనే రాలేదు. పద్దెనిమిదవ శతాబ్దిలో ఐరోపా గాజు పలకలు చైనాలోని కాంటన్ రేవునకు పోయి, అక్కడి చిత్రకారుల చేతిలో పటములై, ఓడలెక్కి మన రాజుల మందిరములకు వచ్చెను. ఆ తరువాత మనవారే పని నేర్చిరి. తంజావూరు గాజు పటములు దక్షిణదేశమున ప్రసిద్ధములు. వెన్నకృష్ణుడు, శ్రీరామ పట్టాభిషేకము, లక్ష్మి మొదలగు మూర్తులను గాజు వెనుక వ్రాసి, నగలున్న చోట రంగునకు బదులు తళుకు రేకు పెట్టెడివారు. తంజావూరు చిత్రకళను పెంపొందించిన రాజులు, మధుర నాయుడులు అను చిత్రకార కుటుంబములు మూలమున తెలుగువారని, విజయనగర పతనానంతరము నాయకరాజుల ఆశ్రయమున దక్షిణమునకు తరలినవారని కళాచరిత్రకారులు చెప్పుదురు. కావున దేవుని పటమునకును సబ్బు ప్రకటనకును సాంకేతికముగా బంధుత్వము దగ్గరదే. అందులో భక్తుడు చూచువాడు, ఇందులో బేరగాడు చూచువాడు. గాజు వెనుక కుంచె పట్టిన చేయి నడచిన త్రోవ ఒక్కటే.

ఇక పూత సంగతి. పాత పద్ధతిలో నున్నని రాతిబల్ల మీద పలుచని తగరపు రేకును పరచి, దానిపై పాదరసము పోసి, గాజు పలకను నెమ్మదిగా జరిపి, పైన బరువులెత్తెడివారు. తరువాత బల్లను వాల్చి, మిగులు పాదరసము కారిపోవుటకు వారముల తరబడి నిలిపెడివారు. తగరమును రసమును కలిసి ఒక మిశ్రలోహమై గాజునకు అంటుకొనును. ఆ ఆవిరిని పీల్చిన పనివారికి చేతులు వణకుట, పండ్లు కదలుట, మతి చెదరుట పరిపాటి. ఐరోపా రాజమందిరములలోని అద్దముల తళుకు వెనుక ఈ బాధ కలదు. 1835లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్, ఆల్డిహైడు వెండి లవణమును విడగొట్టగా పరీక్షనాళికకు వెండి అద్దము వలె అంటుకొనుటను గమనించెను. 1843లో ఇంగ్లండున డ్రేటన్ వెండి పూతకు పేటెంటు పొందెను. 1850లలో లీబిగ్ తన పద్ధతిని మరింత మెరుగుపరచెను. ఇంటర్మీడియేటు విద్యార్థులు గ్లూకోజును వేడిచేసి చేయు టోలెన్స్ పరీక్ష ఇదే. గాజునాళిక లోపల మెరయు ఆ పొర, దుకాణపుటద్దము వెనుకనున్న పొర — రెండును ఒకే చర్య బిడ్డలు. రసాయన ఉపాధ్యాయులు ఈ పోలికను తరగతిలో చెప్పినచో పిల్లలు మరువరు.

రెంటిని కంటితో వేరుచేయవచ్చును. పాదరస మిశ్రమపుటద్దములో ప్రతిబింబము కొంచెము మసకగా, నీలిబూడిద చాయతో ఉండును. ఒక తెల్లకాగితమును అద్దమునకు దగ్గరగా పట్టి, కాగితమును దాని నీడను పోల్చి చూచినచో చాయ తెలియును. వెండి అద్దమున ఆ చాయ వెచ్చగా, మీగడరంగు వైపునకు ఒరిగియుండును. చెడు తీరు కూడ వేరు. పాదరసము కాలక్రమమున ఆవిరైపోగా తగరము ఆమ్లజనితో కలిసి బూడిదరంగు మచ్చలగును; చెడిన చోట టార్చి వెలుతురులో సన్నని చుక్కలు మినుకుమినుకుమనును. వెనుక భాగము చూచినచో రంగు లేని బూడిదవన్నె లోహము కనబడును. వెండి అద్దము అట్లు కాదు. దాని వెనుక లక్కపూతయో, ఎర్రమట్టిరంగు పూతయో కప్పియుండును. ఆ కప్పు పగిలిన చోటనుండి గాలి చొచ్చి నల్లని మచ్చలు అంచులనుండి లోపలికి ప్రాకును. ఇవి వెండి గంధకముతో కలిసిన మచ్చలు. కుళ్లిన ఆకులలముల బురదనుండి వెలువడు హైడ్రోజన్ సల్ఫైడు వాయువునకు వెండిని నల్లబరచు గుణము కలదు. గాలిలోని తేమ ఆ పనికి తోడ్పడును. కొల్లేటి చుట్టుపట్ల వంటి తేమ నేలలందు వెండి అద్దములకు ఆయువు తక్కువయగుటకు కారణము వెదుకబనిలేదు. అల్యూమినియపు పూత ఇరువదవ శతాబ్దిది. అది నల్లబడదు, వెలవెలబోవును.

వెండిపూతకును అక్షరములకును ఏది ముందు, ఏది వెనుక అనునది మరొక ప్రశ్న. కొందరు పనివారు ముందు అక్షరములు వ్రాసి, ఆరిన పిమ్మట మొత్తము పలకపై వెండి ద్రావణము పోసెడివారు. మరికొందరు ముందు పలకనంతయు వెండిచేసి, కావలసినంత మేర రక్షణపూత పూసి, తక్కిన వెండిని ఆమ్లముతో తొలగించి, ఖాళీ అయిన చోట రంగులు నింపెడివారు. మొదటి విధమున, రంగు రాలిన చోట దాని వెనుకనున్న వెండియు ఊడివచ్చును. రెండవ విధమున రంగు అంచు వెండి వెనుకకు కొంచెము ప్రాకియుండుట వెనుకనుండి చూచినచో కనబడును. కొన్ని అద్దములలో గాజునే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతో తినిపించి, గరుకుగా చేసి, ఆ గరుకు మీద బంగారము పెట్టెడివారు. వెనుక వ్రేలు పెట్టి తడుముట కూడదు గాని, ఏటవాలుగా దీపము వేసినచో గరుకు నున్నన తెలిసిపోవును.

బంగారు అక్షరములే అందరిని భ్రమింపజేయునవి. నిజమైన బంగారు రేకు మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు; అట్టి రేకులు పదివేలు పేర్చినను ఒక మిల్లీమీటరే. అంత పలుచని రేకును గాజునకు అంటించుటకు జిగురు చిక్కగా ఉండరాదు, ఉన్నచో మెరుపు చెడును. కనుక కొంచెము జెలటిన్‌ను వేడినీటిలో కరిగించి, ఆ నీటితో గాజును తడిపి రేకు వేయుదురు. జెలటిన్‌కు బదులు ఐరోపాలో స్టర్జన్ అను చేప గాలితిత్తినుండి తీసిన జిగురును వాడెడివారు. చేప గాలితిత్తి కొల్లేటి జాలరి యెరుగనిది కాదు గాని, దానితో బంగారము అంటించవచ్చునన్న మాట అతనికిని వింతగా తోచవచ్చును. రేకు ఆరిన తరువాత అక్షరముల మేరకు వెనుక నల్లరంగు పూసి, మిగిలిన బంగారమును తడిదూదితో తుడిచివేయుదురు. ఈ చివరి మాటను మరల చదువవలెను. అక్కరలేని బంగారమును పనివాడు తీసివేసినది తడిదూదితోనే! నల్లరంగు రాలిపోయిన అక్షరము మీద నేడు ఇల్లాలు తడిగుడ్డ వేసినచో ఆ బంగారము కూడ అట్లే పోవును. అద్దమును శుభ్రము చేసినామన్న సంతోషమే మిగులును.

బంగారమునకు బదులు ఇత్తడి రేకు, ఇత్తడిపొడి కూడ వాడిరి. బంగారము ఎన్నేండ్లకైనను వన్నె తగ్గదు. ఇత్తడి రేకులో రాగి యుండుటచే, గాలి సోకిన అంచులలో ముందు గోధుమవన్నె, పిమ్మట పచ్చని చిలుము పుట్టును. పొడియైనచో భూతద్దములో ఇసుక వలె రేణువులు విడివిడిగా కనబడును. రేకైనచో నునుపుగా ఉండి, ఒక రేకు మీద మరొక రేకు అంచు వాలిన చోట సన్నని గీతలు కొలిచినట్లు సమానదూరములో కనబడును. వెనుకనున్న నల్లరంగు రాలిన చోట బంగారపు రేకుగుండా దీపము చూచినచో వెలుతురు ఆకుపచ్చగా తోచును. విద్యార్థులకు ఇంతకంటె ఆశ్చర్యము గొల్పు పరీక్ష లేదు.

రంగుల వద్ద కొంచెము జాగ్రత్తగా ఆలోచింపవలెను. దీపపుమసి, కావి, ఇంగిలీకము, సింధూరము, సఫేదా తరతరములుగా ఉన్నవి. వానివలన కాలము తెలియదు. కొన్ని రంగులకైతే జన్మపత్రికలు కలవు. ప్రష్యా నీలము పద్దెనిమిదవ శతాబ్ది తొలి దశకమున బెర్లినులో పుట్టినది. ఎమరాల్డ్ ఆకుపచ్చ 1814 నాటిది. అందులో పాషాణము కలదు. కృత్రిమముగా చేసిన అల్ట్రామెరీన్ నీలము 1828లో ఫ్రాన్సున వచ్చినది. ఒకప్పుడు రాజావర్తపు రాతిని నూరి చేసిన ఆ ఖరీదైన రంగే తరువాత చాకిరేవునకు దిగి బట్టలకు పెట్టు నీలిమందైనది. జింకు తెలుపును చిత్రకారులకు 1834 నుండి అమ్మిరి. టైటానియము తెలుపు 1920 ప్రాంతమునగాని బజారునకు రాలేదు. ఈ తేదీలు తెలిసినవాడు తొందరపడి, “ఇందులో జింకు తెలుపున్నది, కనుక ఇది 1834 నాటి అద్దము” అనినచో అది హేత్వాభాసము. ఒక పదార్థము పుట్టిన సంవత్సరము వస్తువు పుట్టిన సంవత్సరము కాదు. వస్తువు అంతకుముందు పుట్టలేదని మాత్రమే అది చెప్పును. జింకు తెలుపు నేటికిని అమ్ముడుపోవుచునే యున్నది.

టైటానియము తెలుపు కనబడినంత మాత్రమున అద్దము కొత్తదనుటయు తప్పే కావచ్చును. ఎవరైనను పిమ్మట మరమ్మతు చేసియుండవచ్చును. ఇక్కడ వెనుక చిత్రణకు గల విశేషము సాయపడును. గాజును తాకియున్న పొర మొదటి పొర. దాని ముందునకు తరువాతివాడు ఎంత నేర్పరియైనను చేరలేడు. పాత రంగు రాలి ఖాళీ అయిన చోట మాత్రమే కొత్త రంగు గాజును తాకగలదు. అప్పుడు దాని అంచు చిత్రపు గీతను అనుసరింపక, రాలిన పెచ్చు ఆకారమును అనుసరించి వంకరగా ఉండును. కనుక టైటానియము తెలుపు ఎక్కడ ఉన్నదో చూడవలెను. అక్షరపు నడుమ తిన్నని గీతలో ఉన్నచో అద్దమే కొత్తది. పెచ్చు రాలిన గుంటలో ఉన్నచో మరమ్మతు కొత్తది. నోట్లను పరీక్షించు అతినీలలోహిత దీపము నేడు పెద్ద దుకాణములలో దొరకును. దానిని చీకటిలో రంగు వెనుకనుండి చూపినచో జింకు తెలుపు పచ్చనిపసుపు కాంతితో మెరయును. టైటానియము తెలుపు మెరయదు. లక్కపూత నారింజవన్నె చిమ్మును.

గాజు పలక కూడ సాక్ష్యము చెప్పును. మన ఇండ్లలో మంచి అద్దమును “బెల్జియము అద్దము” అనుట పరిపాటి. బెల్జియము గాజు పరిశ్రమకు పేరొందిన దేశమే. ఇరువదవ శతాబ్ది తొలి దశలలో కరిగిన గాజును యంత్రముతో నిలువుగా లాగి పలకచేయు పద్ధతిని ఫూర్కో అక్కడనే సాధించెను. కాని పేరు పెద్దదై వాడుక పెరిగి, చివరకు దళసరిగా ఉన్న ప్రతి అద్దమును బెల్జియమే అయినది. లాగిన గాజులో సన్నని అలలు సమాంతరముగా కనబడును. అంతకు పూర్వపు ఊదిన గాజులో బుడగలు, వంకరలు ఎక్కువ. 1959లో ఇంగ్లండున పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించిన తేలుడు గాజు, అనగా కరిగిన తగరముపై తేలించి చేసిన గాజు, అలలు లేక నీటిమట్టము వలె ఉండును. దానికి తగరము తాకిన వైపు హ్రస్వతరంగ అతినీలలోహిత దీపమున పాలవలె మెరయును. ఆ దీపము కంటికి హాని గనుక దానిని ప్రయోగశాలకే విడువవలెను. తేలుడు గాజు మీద “నూరేండ్ల నాటి” ప్రకటన ఉన్నచో వర్తకుని మాట నమ్మరాదు. 1970లలో ఇంగ్లండు, అమెరికాలలో పాత పానశాలల అద్దములను పోలిన అలంకారపు అద్దములు తెరముద్రణతో విరివిగా తయారయ్యెను. వానిలో కుంచె జాడ ఉండదు. రంగు ఎక్కడ చూచినను ఒకే మందము. బొమ్మలో వెలుగునీడలు చుక్కలుగా విడిపోవును. మన దేశపు 1972 నాటి చట్టము సామాన్యముగా నూరేండ్లు నిండిన వస్తువునే పురాతన వస్తువుగా పరిగణించును.

పలక మందము కొలుచుటకు అద్దమును చట్రమునుండి ఊడదీయనక్కరలేదు. పెన్సిలు మొనను అద్దమునకు తాకించినచో మొనకును దాని ప్రతిబింబమునకును నడుమ ఎడము కనబడును. ఆ ఎడము గాజు మందమునకు రెట్టింపని చాలమంది అనుకొందురు. కాదు. గాజు వక్రీభవనమువలన వెనుకనున్న పూత ఉన్నదానికంటె దగ్గరగా తోచును. వక్రీభవన గుణకము ఒకటిన్నర అనుకొన్నచో, 3 మిల్లీమీటర్ల పలక వెనుక పూత 2 మిల్లీమీటర్ల లోతున ఉన్నట్లు తోచును. ఎడము 4 మిల్లీమీటర్లగును. 6 మిల్లీమీటర్ల పలకకు 8. భౌతికశాస్త్రపు తరగతిలో ఈ లెక్కను నల్లబల్ల మీద చేసి, గోడమీది అద్దముతో సరిచూపవచ్చును.

పదార్థములు మాటాడని చోట అక్షరములు మాటాడును. ఏలూరు తాలూకా 1904 వరకు గోదావరి జిల్లాలో నుండెను. తరువాత కృష్ణా జిల్లాకు మారెను. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడగా అందులో చేరెను. 2022 నుండి ఏలూరే జిల్లా. వర్తకుని చిరునామాలో “కృష్ణా జిల్లా, ఏలూరు” అని ఉన్నచో అద్దము వ్రాసిన కాలము సుమారుగా రెండు దశాబ్దముల నడుమ ఇరుక్కొనును. అణాలలో ధర ఉన్నచో 1957కు పూర్వపుదనుకొనవచ్చును. ఆ యేడు ఏప్రిలులో దశాంశ నాణెములు వచ్చినవి. ఆరంకెల పిన్ కోడు ఉన్నచో 1972కు ఇటీవలిది. చట్రము వెనుక అట్టకు బదులు పాత వార్తాపత్రిక అంటించియున్నచో చింపివేయరాదు. దాని తేదీ అద్దపు తేదీ కాకపోవచ్చును గాని, ఆనాటికి లేక ఆ తరువాత ఎవరో దానిని విప్పి మరల బిగించినారన్న సంగతి తేలును.

ఇంతకు మించి నిశ్చయము కావలసినచో శాస్త్రజ్ఞుల సాయము కోరవలెను. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ అను పరీక్షలో వస్తువును గీకనక్కరలేదు. పాదరసము, వెండి, సీసము, జింకు, టైటానియము, బంగారము వంటి మూలకములు తమ తమ కిరణములచే తెలిసిపోవును. మసి, నీలిమందుచెట్టు రంగు వంటివి దానికి దొరకవు. వానిని రామన్ వర్ణపట పరీక్ష పట్టుకొనును. గాజుగుండా లేసరు కిరణము పంపి, వెనుకనున్న రంగు చెదరగొట్టిన వెలుగును పరిశీలించుట ఇందులోని కిటుకు. గాజు వెనుక చిత్రములకు ఇంత అనువైన పరీక్ష అరుదు. దీనికి మూలమైన ఫలితమును చంద్రశేఖర వేంకట రామన్ 1928 ఫిబ్రవరి 28న కనుగొనెను. ఆయన బాల్యమున చదువుకొన్నది విశాఖపట్టణములో. లక్నోలో 1976లో నెలకొల్పిన జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనాలయము ఇట్టి వస్తువుల సంరక్షణకు ప్రత్యేకించినది.

పరీక్ష తేలువరకు అద్దమునేమి చేయవలెనన్నది పెదపాడు వంటి ఊరిలో అసలు సమస్య. ముందుగా ముందువైపు, వెనుకవైపు పగటి వెలుతురులో ఛాయాచిత్రములు తీయవలెను. ముందువైపు గాజును పొడి మెత్తని గుడ్డతో తుడువవచ్చును. ద్రవమును చిమ్మరాదు, చిమ్మినచో అది చట్రపు సందునుండి వెనుకకు జారును. వెనుకవైపు ముట్టనేరాదు. రంగు పెచ్చులు లేచియున్నచో అద్దమును రంగువైపు పైకి ఉండునట్లు పరుండబెట్టి, రాలిన పెచ్చులను ఒక కవరులో వేసి దాచవలెను. పాదరసపుటద్దమని అనుమానమున్నచో పరుండబెట్టుట, తలక్రిందులు చేయుట రెండును తగవు. ఎన్నడో నిలిచిన తీరుననే నిలుపవలెను, ఏలయన మిశ్రమమునుండి వెలువడిన రసము క్రింది అంచున చేరియుండును. అక్కడ వెండిగుండ్ల వంటి బిందువులు కనబడినచో పిల్లలను దూరముగా ఉంచవలెను. గదికి గాలి రానిచ్చి, బిందువులను చీపురుతో ఊడ్వక, గట్టి కాగితముతో ప్రోగుచేసి మూతగల సీసాలో పెట్టవలెను. పాత అద్దము గీకి రసము తీయు ఆట బడిపిల్లలలో ఎక్కడైనను ఉన్నచో ఉపాధ్యాయులు ఆ దినమే మాన్పించవలెను. సీసము, పాషాణము గల రంగుల పొడియు విషమే.

మరల గోడకు పెట్టదలచినచో వానజల్లు తగులు వెలుపలి గోడను, పొయ్యి ఉన్న గోడను, ఎండ నేరుగా పడు గోడను విడిచి లోగోడను ఎన్నుకొనవలెను. చట్రము నాలుగు మూలల వెనుక అరంగుళపు కొయ్యబిళ్లలు కొట్టినచో గోడకును అద్దమునకును నడుమ గాలి ఆడును. వానకాలమున సున్నపు గోడ పీల్చిన చెమ్మ రంగునకు సోకదు. వెనుక అట్టమీద, గాజుమీద కాదు, దొరికిన చోటు, దొరికిన తేదీ, ఎవరి దుకాణములోనిది అన్న సంగతి పెన్సిలుతో వ్రాసి పెట్టవలెను.